సమస్య మాస్టారిది, పూరణ యంత్రానిది: ఇక మనమెందుకు?

కోడుకూలీ (హైదరాబాద్) – శనివారం ఉదయం

పోయిన వారం ప్రాసయతి మాస్టారు ఇచ్చిన సమస్యను ఎవరూ ముట్టుకోలేదు. "వాన కురిసి చేను వాడిపోయె" అన్న ఆటవెలది పద్యపు చివరి పాదం అది, పై మూడు పాదాలూ రాసి దాన్ని పూరించాలి. ఊరికే పడి ఉందికదా అని నేను దాన్ని కృత్రిమ మేధకు అప్పగించాను. టీ గ్లాసు కింద పెట్టేలోపు పద్యం వచ్చేసింది:

వెన్నెల కురిసింది వేణువు పలికింది
మనసు పులకరించె మధురముగా
ప్రేమ లేని బతుకు ఎడారి అయిపోయి
వాన కురిసి చేను వాడిపోయె

తప్పులుంటే మాస్టారు పట్టుకుంటారు, అది నా దిగులు కాదు. ఇవాళ తప్పులుంటాయి, రేపు ఉండవు. గణాలూ (గురులఘువుల, అంటే పొడుగు పొట్టి అక్షరాల గుంపులు), యతులూ (పాదం మొదటి అక్షరానికీ మధ్య అక్షరానికీ కుదరాల్సిన పొత్తు) నూటికి నూరుపాళ్లు కుదిరే రోజున, ఏళ్ల తరబడి కష్టపడి పద్యం రాయడం నేర్చుకున్నవాడి విలువ ఏమిటి? కథకైనా బొమ్మకైనా పాటకైనా ఇదే ప్రశ్న. మొహమాటం లేకుండా చెప్పండి.

ప్రాసయతి (రాజమహేంద్రవరం) – శనివారం ఉదయం

నాయనా, ముందు పద్యం సంగతి తేల్చుకుందాం.

మొదటి పాదం నిర్దుష్టం. వెన్నె, ల కురి, సింది – మూడూ సూర్యగణాలే, అక్కడ ఉండాల్సినవే. వేణువు భగణం, పలికింది సలం, రెండూ ఇంద్రగణాలే. వె–వే యతి చక్కగా పడింది. ఇంత ఒద్దికగా మొదలుపెట్టి రెండో పాదం చివర "ముగా" అంటూ సూర్యగణం కాని లగంలో చతికిలబడింది. "మధురముగను" అంటే సరిపోయేది, పదో తరగతి పిల్లవాడికి తట్టే సవరణ. మూడో పాదంలో "ఎడారి" జగణం. ఇంద్రగణాల పంక్తిలో దానికి విస్తరి వేయరు. ప్రే–ఎ యతి అసలే కుదరదు.

నీవన్నట్టే ఇవన్నీ రేపు సర్దుకుంటాయి. సర్దుకోనిది ఇంకొకటి ఉంది. వెన్నెలకూ వేణువుకూ చేను వాడిపోవడానికీ చుట్టరికం ఏమిటి? సమస్య ఇచ్చేవాడు పొసగని మాట ఒకటి పడేస్తాడు. అది పొసగేట్టు మిగతా మూడు పాదాలూ దాన్ని మోయాలి. ఇక్కడ మూడు పాదాలు ఒక ఊళ్లో, నాలుగోది వేరే ఊళ్లో ఉన్నాయి.

కోడుకూలీ

మాస్టారూ, గణాలు ఎందుకు తప్పుతుందో చెప్పగలను, నేను చేసే పని అదే కాబట్టి. మనం "స్త్రీ" అంటే ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం – ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అంటే ఒక్క "స్త్రీ"కి పద్దెనిమిది. పద్యం రాసిన కృత్రిమ మేధ, అంటే భాషా నమూనా, ఈ వరుసను తనకు అలవాటైన ముక్కలుగా కోసుకుంటుంది. ఆ ముక్కలు మన అక్షరాల హద్దుల దగ్గరే తెగాలన్న నియమం లేదు. అది చదివి నేర్చుకున్న తెలుగు రాత ఇంగ్లిషుతో పోలిస్తే తక్కువ కాబట్టి కోతలు మరీ అడ్డదిడ్డంగా ఉంటాయి. గురువో లఘువో తెలియాలంటే ముందు అక్షరం కనబడాలి కదా. దానికి కనబడేది అక్షరం కాదు.

అయితే ఛందస్సు లెక్క చూసే ప్రోగ్రామ్ ఎప్పటినుంచో ఉన్న విద్యే. రెంటినీ జతచేసి, తప్పు వచ్చినప్పుడల్లా మళ్లీ రాయించడం పెద్ద పని కాదు. గణదోషాలను పట్టుకుని మనం గెలిచామనుకోవద్దు.

దారినపోయే దానయ్య

ఇప్పుడు ఎవరో ఒకరు "కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్" అని, ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందన్న ఆ పాత సమస్యను తెస్తారు చూడండి. ఈ వేదికలో సమస్యాపూరణం మాట ఎత్తితే ఆ ఏనుగులు రాకుండా ఉండవు.

ప్రాసయతి

నీవే తెచ్చావు కదా దానయ్యా! తెచ్చావు కాబట్టి దాన్ని వాడుకుంటాను.

నోటినోటా వచ్చిన ఆ చాటు కథలో అందరూ చివరి చమత్కారమే గుర్తుపెట్టుకుంటారు. నాకు నచ్చేది వేరు. తెనాలి రామకృష్ణుణ్ణి ఇరికించాలని ద్వారపాలకుడి చేత ఆ సమస్య అడిగిస్తారు. వాడి వాలకానికి తగ్గట్టు కవి తిట్టుతో పూరిస్తాడు. రాయలవారు అదే పాదాన్ని తిరిగి అడిగినప్పుడు విరటుడి కొలువులో పాండవుల దురవస్థకు అన్వయించి పూరిస్తాడు. పాదం ఒక్కటే, ఛందస్సు ఒక్కటే, కవీ ఒక్కడే. అడిగినవాడు మారాడు, పద్యం మారింది. కథ నిజమా కల్పనా అన్నది అలా ఉంచు. మన పూర్వులు పద్యాన్ని ఎదుటి మనిషికి చెప్పే జవాబుగా చూశారని అది చెబుతోంది.

అవధానంలో, అంటే సభలో పలువురు అడిగినదానికి అప్పటికప్పుడు పద్యాలు చెప్పే విద్యలో, జరిగేదీ అదే. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏది వస్తుందో ఊహించి పృచ్ఛకుడు (ప్రశ్న అడిగేవాడు) దాన్ని నిషేధిస్తాడు. అవధాని దారి మార్చుకుని ఇంకో అక్షరం వేస్తాడు. పక్కన అప్రస్తుత ప్రసంగి ఏకాగ్రతను చెడగొడుతుంటాడు, మధ్యలో గంటలు మోగుతుంటాయి, వాటినీ లెక్కపెట్టాలి. ఆఖరున కాగితం ముట్టకుండా పద్యాలన్నీ ధారణ చేయాలి, అంటే గుర్తుంచుకుని అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవుల అవధానాలకు జనం ఊళ్లకు ఊళ్లు కదిలి వెళ్లింది పద్యాలు దొరకక కాదు.

ఎత్తుకుపైఎత్తు (వరంగల్)

మాస్టారు చెప్పిన ధారణ దగ్గర ఆగండి. కంప్యూటర్‌కు ధారణ ఒక విద్య కాదు, వేయి పద్యాలైనా అలాగే ఉంటాయి. అయినా అవధాని ధారణకు చప్పట్లు పడుతున్నాయి, రేపూ పడతాయి. ఎందుకో చదరంగాన్ని చూస్తే తెలుస్తుంది.

1997 మేలో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించినప్పుడు ఆట పని అయిపోయిందన్నారు. ఇవాళ జేబులో ఉన్న ఫోను ప్రపంచ విజేతను చిత్తు చేస్తుంది. మరి ఆట చచ్చిందా? కోనేరు హంపి 2019లో ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచి, మళ్లీ 2024లో గెలిస్తే పండగ చేసుకున్నాం. మా వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2800 రేటింగ్ దాటితే ఇక్కడి కోచింగ్ కేంద్రాల్లో పిల్లలు పెరిగారు. రెండు యంత్రాలు ఆడుకునే ఆట వీటికన్నా గొప్పది. దాన్ని టికెట్టు కొని చూసేవాడు ఎక్కడున్నాడు?

కోడుకూలీ

చదరంగం పోలికలో ఒక మెలిక ఉంది. ఆటలో ఆడేవాడు మన కళ్ల ముందు ఉంటాడు. పుస్తకం కొన్నవాడికి రాసినవాడు కనబడడు. అవధాన సభకు రక్షణ ఉంది, అచ్చుపుస్తకానికి లేదు.

ఇంకో మాట. యంత్రం పాతవాటినే కలగలుపుతుందని కొందరంటారు. 2016 మార్చిలో గో అనే పలక ఆటలో ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్ కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్‌పై రెండో ఆటలో వేసిన 37వ ఎత్తు చూడండి. మనిషి ఆ ఎత్తు వేసే అవకాశం పదివేలలో ఒకటని దాని లెక్కే చెప్పింది. నిపుణులు ముందు పొరపాటనుకున్నారు, తర్వాత నోరెళ్లబెట్టారు. దాన్ని సృజన కాదని ఏ ముఖం పెట్టుకుని అంటాం?

ఎత్తుకుపైఎత్తు

అనను. నాలుగో ఆటలో లీ వేసిన 78వ ఎత్తు కూడా చెప్పి ఉంటే బాగుండేది. ఆ అయిదు ఆటల్లో ఆయన గెలిచింది ఆ ఒక్కటే. మొత్తం సిరీస్‌లో జనం ఇప్పటికీ కథగా చెప్పుకునేదీ అదే.

నీటిరంగులు (కరీంనగర్) – శనివారం రాత్రి

మీరంతా ఏనుగులూ ఎత్తులూ అంటున్నారు. నేను బొమ్మలు వేసి అద్దె కట్టేదాన్ని, కొంచెం ఆ మాట చెప్పనివ్వండి.

మొన్న దసరాకు ముందు ఒక ప్రచురణకర్త ఫోను చేశారు. ఎవరో మీకు తెలియకపోవడమే మంచిది. "అమ్మా, ముఖచిత్రం అయిపోయింది, చిన్న చిన్న సవరణలు చేసివ్వాలి" అన్నారు. బొమ్మ పంపారు. బతుకమ్మ చుట్టూ ఆడుతున్న ఆడవాళ్లు. వెలుగునీడలు చూస్తే నాకే అసూయ పుట్టింది. దగ్గరకు పెట్టుకుని చూశాను. బతుకమ్మలో తంగేడు లేదు, గునుగు లేదు, గులాబీలను పెళ్లి కేకులా అంతస్తులుగా పేర్చారు. పైన పసుపు గౌరమ్మ ఉండాల్సిన చోట ఒక దీపం పెట్టారు. కింద తాంబాలం లేదు, బతుకమ్మ మట్టిలోంచి మొలిచినట్టుంది. ఇద్దరికి పైట కుడి భుజం మీద ఉంది. ఒకావిడ చప్పట్లు కొడుతుంటే అరచేతులు రెండూ ఒకే వైపు చూస్తున్నాయి.

చిన్న సవరణలట! బొమ్మ మొత్తం మళ్లీ వేయాల్సిందే అన్నాను. "ఎనభై శాతం ఉంది కదమ్మా" అని, మామూలుగా ఇచ్చే దాంట్లో నాలుగో వంతు ఇస్తామన్నారు. ఆ ఎనభై శాతం ఏమిటంటే ఆకాశం, చెట్లు, మంచు. పుస్తకం దేని గురించో ఆ మిగతా ఇరవైలో ఉంది, దానికి నాలుగో వంతు.

వేయనన్నాను. పుస్తకం అదే బొమ్మతో వచ్చింది. ఎవరూ గమనించలేదు. నాకు అసలు భయం ఇక్కడే. పదేళ్ల పిల్ల ఆ బొమ్మ చూసి బతుకమ్మ గులాబీలతో పేరుస్తారనుకుంటుంది. తర్వాత వచ్చే యంత్రం ఆ బొమ్మనే చూసి నేర్చుకుంటుంది.

డల్లాస్ డాబా

అక్కా, మీరు చెప్పింది మా ఆదివారం తెలుగు బడిలో ఇంకో రూపంలో చూస్తున్నాను. మా తాతయ్య అని పది వాక్యాలు రాసుకురమ్మంటే సగం మంది పిల్లలు తప్పు లేని తెలుగుతో వస్తారు. "మా తాతయ్య ప్రేమకు ప్రతిరూపం, జ్ఞానానికి నిలయం." ఎవరి తాతయ్యో తెలియదు, అందరికీ ఒకే తాతయ్య. ఒక పిల్లవాడు మాత్రం వంకర అక్షరాలతో, "మా తాత ఫోనులో చాలా గట్టిగా మాట్లాడతాడు, ఇండియా దూరం కాబట్టి" అని రాశాడు. క్లాసులో అందరూ పడీపడీ నవ్వారు. వాడి తాతను నేను చూడలేదు కాని, ఎదురైతే గుర్తుపడతాను.

నల్లకోటు (విజయవాడ)

చట్టం ఏమంటుందో ఎవరూ అడగలేదు. అయినా చెప్తాను, మా వృత్తి లక్షణం అది.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. అందులోని సెక్షన్ 2(డి)(6) ప్రకారం, కంప్యూటర్ ద్వారా తయారైన రచనకు, అది తయారు కావడానికి కారకుడైన వ్యక్తి రచయిత. 1994 సవరణలో చేర్చిన మాట ఇది. అప్పటి కంప్యూటర్లను దృష్టిలో పెట్టుకుని రాశారు. ఇప్పుడు కారకుడు ఎవరు? ఒక వాక్యం టైపు చేసినవాడా, నమూనా తయారుచేసిన కంపెనీనా, ఎవరి పద్యాలను మేపి దాన్ని పెంచారో ఆ కవులా? సెక్షన్ ఈ చిక్కు విప్పదు. అమెరికాలో మాత్రం మనిషి రచయితగా లేని బొమ్మకు కాపీరైటు రాదని వాషింగ్టన్ అప్పీలు కోర్టు 2025 మార్చిలో తేల్చింది.

నీటిరంగులు గారి విషయానికి దగ్గరిది ఇంకొకటి. 2023లో హాలీవుడ్ రచయితలు మే 2 నుంచి సెప్టెంబరు 27 దాకా సమ్మె చేసి, యంత్రం రాసినదాన్ని సాహిత్య రచనగా లెక్కించకూడదని ఒప్పందంలో రాయించుకున్నారు. అంటే యంత్రం చిత్తుప్రతి ఇచ్చి, రచయితకు తిరగరాసే కూలి మాత్రమే ఇవ్వడం కుదరదు. మీకు నాలుగో వంతు ఇస్తామన్నది సరిగ్గా ఆ ఎత్తుగడే. వాళ్లకు సంఘం ఉంది. మన ముఖచిత్రకారులకు ఏది?

నీటిరంగులు

సంఘమా? మేం ఒకరి ఫోను నెంబరు ఒకరికి ఇవ్వం, పని పోతుందని.

మిరపతోట (పల్నాడు) – ఆదివారం తెల్లవారుజామున

నేను ఇక్కడ చదవడమే కాని రాయడం తక్కువ. మాస్టారు ఈ సమస్య ఇచ్చినప్పటి నుంచి నాకు అర్థం కానిది ఒకటుంది. ఇందులో సమస్య ఎక్కడుంది?

వాన కురిస్తే చేను వాడిపోతుంది. మాకు తెలిసిన సంగతే. మాది నల్లరేగడి, నీళ్లు తాగితే వదలదు. మిరప కాపు మీద ఉన్నప్పుడు ముసురు పట్టి చాళ్లలో నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి అందదు. వాన వెలిసి ఎండ కాసిన రోజున చూడాలి, మొక్క నీళ్లలో నిలబడే తలవాలుస్తుంది. చూసేవాడు నీళ్లు పెట్టలేదనుకుంటాడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు ఎన్ని చేలు అలా పోయాయో. రాత్రంతా పారలతో గట్లు తెంచి నీళ్లు బయటికి తోడాం. తెంచితే పక్కవాడి చేలోకి పోతాయి, అక్కడ ఇంకో గొడవ.

నాకు ఛందస్సు వేమన పద్యాలు పాడుతూ వచ్చిందే. తప్పులుంటే దిద్దండి.

నీరు నిలిచిపోయె నేలలో వారమ్ము
వేరుకూపిరాడ వీలులేక
దప్పి తోడ కాదు, దండిగా తాగియే
వాన కురిసి చేను వాడిపోయె

దారినపోయే దానయ్య

మాస్టారూ, త్వరగా రండి.

ప్రాసయతి – ఆదివారం ఉదయం

వచ్చాను. వేళ్లు మడిచి లెక్కపెట్టాను. దోషం లేదు. నీ–నే, వే–వీ, ద–దం, యతులన్నీ ఉన్నాయి. "దప్పి తోడ" అన్నచోట తోడ కాస్త పాదం నింపడానికి వచ్చినట్టుంది, అది నా పాత జబ్బు, పట్టించుకోకండి.

మూడో పాదం దగ్గర నేను చాలాసేపు ఆగాను. నేను సమస్య ఇచ్చేటప్పుడు మనసులో ఒక పూరణ పెట్టుకునే ఇచ్చాను. అందులో చేను అంటే సంసారం, వాన అంటే సిరి, అలాంటి వేదాంతం ఏదో ఉంది. అది ఇక్కడ పెట్టను. మిరపతోట గారూ, మీకు ఇది అసంభవంగా కనబడలేదు. పద్యం అక్కడే పుట్టింది.

కోడుకూలీ

పద్యం బాగుంది, సందేహం లేదు. కాని ఒక పని చేశాను, చెప్పకపోతే అన్యాయం. మిరప చేలో నీళ్లు నిలిస్తే ఏమవుతుందని యంత్రాన్ని అడిగాను. వేళ్లకు ప్రాణవాయువు అందకపోవడం, మొక్క వడలడం, మురుగు కాలువలు తీయడం అన్నీ గడగడా చెప్పింది. ఆ విషయంతో సమస్య పూరించమన్నాను. ఒకచోట యతి తప్పినా పద్యం పొసిగింది. అంటే విషయం దానికి తెలియక కాదు.

ప్రాసయతి

తెలుసు, ఒప్పుకుంటాను. మిరప గురించి అడగాలని నీకు ఎవరు చెప్పారు?

కోడుకూలీ

మిరపతోట గారు చెప్పారు. సరే. కాని మాస్టారూ, ఇది ఎంతకాలం నిలిచే తేడా? రేపు అది తనంతట తానే చేనంటే ఏ చేను, వానంటే ఏ నెల వాన అని ఆలోచించడం మొదలుపెడితే?

మిరపతోట

తమ్ముడూ, మొదలుపెడితే మంచిదే, పంట పోకముందు నాకు ఫోను చేసి చెప్పమను. నేను హాస్యానికి అనడం లేదు. వాతావరణం, తెగుళ్లు, మందులు – ఇవన్నీ అది చెబితే వింటాను. కొన్ని ఇప్పుడే వింటున్నాను.

పద్యం సంగతి వేరు. ఆ పద్యం మా తమ్ముడికి పంపించాను. ఆ రాత్రి గట్టు తెంచింది వాడే. చదివి, "పక్కవాడి గొడవ రాయలేదేం" అన్నాడు. యంత్రం పద్యం పంపితే బాగుందని ఒక ఎమోజీ పెట్టి ఊరుకునేవాడు.

నల్లకోటు

పక్కవాడి గొడవ రాయకపోవడమే క్షేమం. దావా ఇంకా నడుస్తూ ఉంటే.

నీటిరంగులు

మిరపతోట గారూ, నాకో సహాయం చేయండి. నీళ్లలో నిలబడి వాడిన మొక్క ఎలా ఉంటుంది? ఆకులు ముందు వాలతాయా, కొమ్మలా? కాయ రంగు మారుతుందా? ఫోటోలున్నా పంపండి, లేకపోయినా మాటల్లో చెప్పండి. మీ పద్యానికి బొమ్మ వేస్తాను. డబ్బు వద్దు. ఈ ఏడాది నా ఇష్టంతో వేసిన బొమ్మ ఒక్కటైనా ఉండాలి.

మిరపతోట

ముందు ఆకు వాలుతుందమ్మా. లేత కొస మొదట, ఉతికిన గుడ్డ వేలాడినట్టు. కాయ అప్పటికి ఎర్రగానే ఉంటుంది, అదే మోసం. రెండు మూడు రోజులకు తొడిమ దగ్గర పసుపు తిరిగి రాలడం మొదలవుతుంది. నేల పైన పాకుడు పట్టి ఆకుపచ్చగా మెరుస్తుంది. ఫోటోలు లేవు. ఆ రోజు ఫోటో తీయాలనిపించలేదు.

నిర్వాహకుడు

ఇకపై ఈ విభాగంలో యంత్రం రాసిన పూరణలు పెట్టేవారు ఆ సంగతి పైన రాయాలి. నిషేధం లేదు. కోడుకూలీ గారు మొదటి టపాలో దాచకుండా చెప్పారు, అలాగే అందరూ చెప్పండి. ముఖచిత్రాల పారితోషికం గురించి నల్లకోటు గారు వేరే చర్చ మొదలుపెడితే దాన్ని మొదటి పేజీలో ఉంచుతాం.

ప్రాసయతి

తరువాతి సమస్య. ఆటవెలదే.

"కప్పు పగిలి చేత కాఫి మిగిలె"

యంత్రానికి ఇవ్వాలనుకున్నవాళ్లు ఇచ్చుకోండి. ఇద్దరివీ చూద్దాం.

మిరపతోట

మా ఇంట్లో టీ మాస్టారూ. ఈసారి డల్లాస్ వారిని అడగండి.